గొఱ్ఱెల మందతో అమ్ముడుపోయిన బాలిక: సోజర్నర్ ట్రూత్ చరిత్రము

మదనపల్లె నుండి పుంగనూరు పోవు బాటలో ప్రొద్దున ప్రయాణము చేయువారికి గొఱ్ఱెల మందలు తఱచుగా ఎదురుపడును. మంద వెనుక కఱ్ఱ చేతబట్టి, తుండుగుడ్డ తలకు చుట్టి, సద్దిమూట భుజమున వ్రేలాడ నొకడు నడచుచుండును. బస్సు వచ్చినప్పుడు మంద ప్రక్కకు తొలగును. ప్రయాణికులు గొఱ్ఱెలను చూతురు గాని కాపరి ముఖము చూచువారు అరుదు. ఆ కాపరి ఒక్కొక్కప్పుడు మన బడిలో కూర్చుండవలసిన యీడు బాలుడై యుండును.

ఇట్టి మంద యొకటి 1806 ప్రాంతమున అమెరికా దేశపు న్యూయార్కు రాష్ట్రమున వేలమునకు వచ్చెను. యజమాని చనిపోగా వాని సొత్తు నంతయు అమ్ముచుండిరి. ఆ మందతో కూడ తొమ్మిదేండ్ల బాలిక నొకతెను నిలువబెట్టిరి. బాలికకును గొఱ్ఱెలకును కలిపి పలికిన వెల నూఱు డాలర్లు. బాలిక పేరు ఇసబెల్లా. తరువాతి కాలమున సోజర్నర్ ట్రూత్ అను పేర బానిసత్వ నిర్మూలనమునకును స్త్రీల హక్కులకును పాటుపడి లోకమున కీర్తి గాంచినది ఈమెయే.

ఈ చరిత్ర అమెరికా వారిది గదా, మన పాఠశాల సంచికలో దీనికేమి పని యని మీరడుగవచ్చును. రెండు కారణములు కలవు. ఇసబెల్లా పుట్టిన యింటి యజమానులు డచ్చి రిఫార్మ్డు సంఘమునకు చెందినవారు. ఆ సంఘమే తరువాత ఆర్కాటు మిషను ద్వారా మన ప్రాంతమునకు బడులను, వైద్యశాలలను తెచ్చెను. మన ఉపకారుల యింటి చరిత్రలో ఆమె కన్నీరు కలదు గనుక దానిని మనము తెలిసికొనవలెను. ఇది మొదటి కారణము. రెండవది మన పల్లెలకు సంబంధించినది. మన ప్రాంతమున 'జీతము' అను మాటకు రెండర్థములు కలవు. ఉద్యోగి నెలకు ఇంటికి తెచ్చుకొనునదియు జీతమే. అప్పు తెచ్చిన తండ్రి తన కొడుకును కాపుదనమునకు ఒప్పగించుటయు 'జీతానికి పెట్టుటయే'. ఈ రెండవ జీతమును గూర్చి ఆలోచించునప్పుడు ఇసబెల్లా కథ మనకు దూరపు కథగా కనబడదు.

అమెరికాలో బానిసత్వమనగా దక్షిణ రాష్ట్రములలోని ప్రత్తి చేలు మాత్రమే మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఉత్తరమున నున్న న్యూయార్కులోను బానిసలుండిరి. 17వ శతాబ్దమున డచ్చివారు అచ్చట వలస రాజ్యము స్థాపించినప్పుడే ఆఫ్రికా జనులను బానిసలుగా తెచ్చిరి. దేశము ఆంగ్లేయుల వశమైన తరువాతను పల్లెలలోని డచ్చి కుటుంబములు తమ భాషను, తమ దేవాలయమును, తమ బానిసలను విడువలేదు. అట్టి పల్లెసీమ యైన అల్‌స్టర్ కౌంటీలో 1797 ప్రాంతమున ఇసబెల్లా జన్మించెను. పుట్టిన దినము ఎవరును వ్రాసి యుంచలేదు. తండ్రి పేరు జేమ్సు; పొడవైన మనుష్యుడగుటచే డచ్చి భాషలో చెట్టు అను అర్థము వచ్చునట్లు అతనిని 'బోమ్‌ఫ్రీ' యని పిలిచిరి. తల్లి పేరు ఎలిజబెత్తు. వారి యజమాని హార్డెన్‌బర్గు కుటుంబపు కర్నలు.

కర్నలు చనిపోయిన పిదప అతని కుమారుడు ఛార్లెసు తన బానిసల నందఱిని ఒకే నేలమాళిగలో పండుకొనబెట్టెను. నేలపై పఱచిన పలకల సందులలో నుండి బురదనీరు పైకి చిమ్ముచుండెను. వృద్ధులు, పడుచువారు, పిల్లలు అనక అందఱును ఆ తడిలోనే గడ్డి పఱచుకొని నిద్రించిరి. ఇసబెల్లాకు ముందు పుట్టిన అన్నలును అక్కలును చాలమంది అప్పటికే అమ్ముడుపోయిరి. ఒకనాడు ఐదేండ్ల కొడుకును మూడేండ్ల కూఁతురును మంచుబండిలో నెక్కించి కొనిపోయిన సంగతిని తల్లి ఏండ్ల తరబడి చెప్పుకొని యేడ్చుచుండెను. సాయంకాలము ఆరుబయట పిల్లలను కూర్చుండబెట్టుకొని, ఆకాశమున నున్న దేవుడు మీ మొఱ వినునని ఆ తల్లి నేర్పెను. పుస్తకము లేని యా బడియే ఇసబెల్లా చదివిన బడి.

ఆమెను గొఱ్ఱెలతో కొన్న నీలీ యను వర్తకుని యింట ఆంగ్లమే మాటలాడుదురు. ఇసబెల్లాకు డచ్చి తప్ప మఱియొక భాష తెలియదు. దొరసాని ఒక వస్తువు తెమ్మనగా బాలిక మఱియొకటి తెచ్చును, అందులకు దెబ్బలు. ఒక ఆదివారమున బెత్తములను కట్టగట్టి కొట్టిన దెబ్బల మచ్చలు ఆమె వీపున జీవితాంతము నిలిచెను. ఉపాధ్యాయులమైన మేము ఈ భాగమును చదివినప్పుడు కొంచెము ఆగవలసి వచ్చినది. మన కుప్పము ప్రక్కన మూడు రాష్ట్రముల ఎల్లలు కలియుచున్నవి. ఇంటిలో అరవమో కన్నడమో మాటలాడు బిడ్డ తెలుగు తరగతిలో కూర్చుండి మన ప్రశ్నకు తెల్లబోయి చూచును. ఆ మౌనమును మేము మొండితనమని పొరబడిన దినములు లేకపోలేదు. మాట తెలియకపోవుటకును బుద్ధి లేకపోవుటకును గల భేదమును నీలీ యింటి దొరసాని యెఱుగలేదు. మన మెఱిగి యుండవలెను.

నీలీ వద్ద నుండి ఆమె ఒక పూటకూటియింటివానికి, వాని వద్దనుండి 1810 లో జాన్ డూమాంటు అను రైతునకు అమ్ముడుపోయెను. డూమాంటు వద్ద పదునాఱు సంవత్సరములు పొలము దున్నినది, కోత కోసినది, నూలు వడికినది. అచ్చటనే ఆమెకు తామసు అను బానిసతో వివాహమయ్యెను. ఐదుగురు బిడ్డలు కలిగిరి.

ఇంతలో న్యూయార్కు చట్టము నెమ్మదిగా మారుచుండెను. 1799 లో చేసిన శాసనము అప్పటి బానిసలను విడుదల చేయలేదు. ఆ తరువాత పుట్టు బిడ్డలు మాత్రము ఆడువారైన 25, మగవారైన 28 ఏండ్ల వఱకు పనిచేసి స్వతంత్రులగుదురని చెప్పెను. 1817 లో మఱియొక శాసనము వచ్చెను. దాని ప్రకారము 1799 కు ముందు పుట్టిన బానిసలు 1827 జూలై 4వ తేదీన విడుదల పొందవలెను. ఇసబెల్లా మంచి పనికత్తె యగుటచే ఒక సంవత్సరము ముందుగనే విడిచిపెట్టెదనని డూమాంటు మాట యిచ్చెను. గడువు వచ్చినది. ఆ సంవత్సరము నీ చేతికి దెబ్బ తగిలినందున పని తగ్గినది, కాబట్టి విడువను అనెను.

ఆమె అప్పుడు చేసిన పని గమనింపదగినది. యజమానికి తాను బాకీ యున్నట్లు తోచిన ఉన్నినంతయు, సుమారు నూఱు పౌనులు, వడికి యిచ్చెను. పిమ్మట 1826 చివర నొక తెల్లవారుజామున చంటిబిడ్డ సోఫియాను ఒక చేతను, కొద్దిపాటి బట్టల మూటను ఇంకొక చేతను పట్టుకొని ఇల్లు వెడలెను. తాను పరుగెత్తి పారిపోలేదనియు, అది తప్పని తలచి నడచియే వచ్చితిననియు ఆమె తరువాత చెప్పుచుండెడిది. వాన్ వాగనెన్ అను దంపతులు ఆమెకు ఆశ్రయమిచ్చిరి. డూమాంటు వెదకుకొనుచు రాగా, మిగిలిన సంవత్సరపు పనికై ఆమె పేర 20 డాలర్లును, బిడ్డ పేర 5 డాలర్లును చెల్లించి అతనిని పంపివేసిరి. తమను యజమానులని పిలువవద్దని ఆమెకు చెప్పిరి. తక్కిన బిడ్డలు మాత్రము చట్టము చెప్పిన గడువు వఱకు డూమాంటు యింటనే యుండవలసి వచ్చెను.

ఆమె కుమారుడు పీటరు అప్పటికి ఐదాఱేండ్లవాడు. డూమాంటు వానిని ఒకరికి అమ్మగా, చేతులు మారి మారి ఆ బాలుడు దక్షిణమున నున్న అలబామా రాష్ట్రమునకు చేరెను. న్యూయార్కు బానిసలను రాష్ట్రము వెలుపలకు అమ్ముట చట్టవిరుద్ధము. అలబామాలో విడుదల శాసనము లేదు. అచ్చటికి పోయినవాడు జీవితాంతము బానిసయే. ఇసబెల్లా డూమాంటు భార్య వద్దకు పోయి అడిగెను. చిన్న పిల్లవానికై యింత రచ్చయా యని ఆమె పరిహసించెను. కొన్నవారి తల్లి వద్దకు పోయెను. అచ్చటను పరిహాసమే దొరకెను.

అప్పుడామె కోర్టునకు పోయెను. చేతిలో పైకము లేదు, అక్షరము రాదు, కోర్టు ఎట్లుండునో తెలియదు. క్వేకరులను క్రైస్తవ శాఖవారు ఆమెకు ఒక రాత్రి ఆశ్రయమిచ్చి, కౌంటీ ముఖ్యపట్టణమైన కింగ్‌స్టనుకు చేర్చిరి. గ్రాండు జ్యూరీ యెదుట బాలుడు తన కుమారుడే యని ప్రమాణము చేసెను. కోర్టు ఉత్తరువును తానే తీసికొని కానిస్టేబులునకు అందించుటకై మైళ్ల కొలది దారి పరుగువంటి నడకతో పోయెను. వ్యాజ్యము నెలల తరబడి సాగెను. అమ్మినవాడు భయపడి అలబామాకు పోయి బాలుని వెనుకకు తెచ్చెను. 1828 లో న్యాయాధికారి పీటరును తల్లి కొప్పగించెను. బాలుడు మొదట తనకు తల్లియే లేదని యేడ్చెను. అట్లు చెప్పుమని వానికి నేర్పి యుండిరి. ఆ రాత్రి తల్లి వాని చొక్కా విప్పి చూడగా మెడనుండి పాదముల వఱకు కొరడా దెబ్బల గుర్తులు వ్రేళ్లవలె ఉబ్బి యుండెను.

నల్లజాతి స్త్రీ యొకతె తెల్లవాని మీద వ్యాజ్యము వేసి గెలిచిన తొలి సంఘటనలలో ఇది యొకటి. ఆ వ్యాజ్యపు కాగితములు చాలకాలము కంటబడక, 2022 లో న్యూయార్కు రాష్ట్ర దస్తరములలో బయటపడినవి. అందు ఆమె ప్రమాణ పత్రము క్రింద సంతకమునకు మారుగా ఒక గుర్తు మాత్రము కలదు.

విద్యార్థులారా, ఈ ఘట్టమే మా వ్యాసమునకు గుండె వంటిది. చట్టము ఇసబెల్లా పక్షముననే యుండెను. ఐనను చట్టము తానుగా నడచి అలబామాకు పోలేదు. దానిని చేతబట్టుకొని నడచినది అక్షరము రాని తల్లి. ఆమెను బండి నెక్కించి పట్టణము చేర్చినవారు, ఆమె మాటను కాగితముపై వ్రాసినవారు చదువుకొన్నవారు. ఈ యిద్దఱిలో ఎవరు లేకపోయినను పీటరు తిరిగి వచ్చెడివాడు కాడు.

తరువాత ఆమె న్యూయార్కు నగరమునకు పోయి ఇండ్లలో పనిచేయుచు జీవించెను. పీటరు పెరిగి 1839 లో తిమింగలముల వేట ఓడలో చేరెను. కొన్ని ఉత్తరములు వచ్చెను. 1842 లో ఓడ మరలి వచ్చినప్పుడు అతడందు లేడు. కోర్టు ద్వారా తిరిగి పొందిన కొడుకును సముద్రము తీసికొనెను. మఱుసటి సంవత్సరము, 1843 జూన్ 1వ తేదీన, ఆమె బానిస పేరును విడిచి సోజర్నర్ ట్రూత్ అను పేరు తాల్చెను. సోజర్నర్ అనగా ఒక చోట కొంతకాలము నిలిచి సాగిపోవు పరవాసి. ట్రూత్ అనగా సత్యము. అప్పటికి ఆమెకు సుమారు 46 ఏండ్లు. చిన్న మూటతోడను, స్వల్పమైన చిల్లరతోడను నగరము విడిచి, ఊరూర దైవవాక్యమును ప్రకటించుచు నడచెను.

మాసచూసెట్సు రాష్ట్రమున నార్తాంప్టను వద్ద, బానిసత్వమును ద్వేషించువారు కొందఱు సమష్టి జీవనమునకై స్థాపించిన సమాజమున 1844 లో చేరెను. అచ్చటనే ఆమెకు విలియం లాయడ్ గారిసను, ఫ్రెడరికు డగ్లసు మొదలగు విమోచనోద్యమ నాయకుల పరిచయమయ్యెను. డగ్లసును బానిసగా పుట్టినవాడే. రహస్యముగా చదువు నేర్చి గొప్ప రచయిత యయ్యెను. ట్రూత్‌కు చదువు రాలేదు. అయినను ఆమె చెప్పగా ఆలివ్ గిల్బర్టు అను మిత్రురాలు వ్రాసిన ఆత్మచరిత్రము 1850 లో అచ్చుపడెను. ఊరూర ఉపన్యసించుచు ఆ పుస్తకములను, తరువాత తన ఛాయాచిత్రములను అమ్మి ఆమె జీవించెను. ఒకనాడు తన్ను అమ్మినవారు సొమ్ము చేసికొనిరి. ఇప్పుడు తన కథను, తన రూపమును తానే అమ్ముకొని ఇల్లు కొనుక్కొనెను.

బైబిలును చదివించుకొనుటలో ఆమెకొక పద్ధతి యుండెను. పెద్దవారి చేత చదివింపదు. పిల్లల చేతనే చదివించును. పెద్దవారు ఒక వాక్యము చదివి దానికి తమ వ్యాఖ్యానము చేర్తురు. పిల్లలు ఒకే వాక్యమును ఎన్నిమారులు అడిగినను ఉన్నది ఉన్నట్లు చదువుదురు. అర్థము తాను స్వయముగా ఆలోచించుకొనును. ఉపాధ్యాయులమైన మాకు ఈ పద్ధతిలో ఒక హెచ్చరిక కనబడుచున్నది.

ఆ హెచ్చరిక ఆమె చరిత్రకే వర్తించినది. 1851 మే నెలలో ఓహాయో రాష్ట్రమున ఏక్రను పట్టణమున జరిగిన స్త్రీల హక్కుల మహాసభలో ఆమె మాటలాడెను. తాను పురుషునితో సమానముగా దున్నితిని, కోసితిని, మోసితిని. అట్టి స్త్రీకి సమాన హక్కు లేదనుట ఎట్లని ఆ ఉపన్యాసపు సారము. సభలోనే యున్న రాబిన్సను అను పత్రికా సంపాదకుడు కొన్ని వారములలోనే దానిని ప్రకటించెను. పండ్రెండేండ్ల తరువాత, 1863 లో, ఫ్రాన్సెసు గేజి యను ఆమె మఱియొక పాఠమును ప్రకటించెను. తాను స్త్రీని కానా యని ట్రూత్ మరల మరల అడిగినట్లు అందు కలదు. లోకమున ప్రసిద్ధి చెందినది అదియే. కాని మొదటి పాఠమున ఆ పల్లవి లేదు. గేజి పాఠములోని యాస దక్షిణ దేశపు బానిసలది. ట్రూత్ డచ్చి భాషలో పెరిగిన ఉత్తర దేశస్థురాలు. పదుముగ్గురు బిడ్డలను కన్నట్లు అందు కలదు, ఆమెకు ఐదుగురే. గేజి సదుద్దేశముతోనే వ్రాసి యుండవచ్చును. ఐనను సత్యమనునదే తన పేరుగా పెట్టుకొన్న స్త్రీ నోట పరుల మాటలు పెట్టుట ఆమెకు గౌరవము కాదు. గొప్పవారిని గూర్చి వినినప్పుడు, ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి అని అడుగుట విద్యార్థికి మొదటి అలవాటు కావలెను.

1861 లో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. ఆమె అప్పటికి మిషిగను రాష్ట్రమున బాటిల్ క్రీకు ప్రాంతమున నివసించుచుండెను. నల్లజాతి సైనికులకై ఇంటింట తిరిగి ఆహారము ప్రోగుచేసెను; ఆమె మనుమడును సైన్యమున చేరెను. 1864 అక్టోబరు 29వ తేదీన అధ్యక్షుడైన ఏబ్రహాము లింకనును దర్శించెను. వాషింగ్టను నగరమున విడుదల పొందిన బానిసల శిబిరములలో శుభ్రత, గృహకృత్యములు నేర్పెను. 1865 డిసెంబరులో రాజ్యాంగపు పదమూడవ సవరణ ద్వారా దేశమంతట బానిసత్వము రద్దయ్యెను. అదే సంవత్సరము వాషింగ్టనులో గుఱ్ఱపు ట్రాము బండి నెక్కబోగా కండక్టరు ఆమెను త్రోసివేయుటచే భుజపు కీలు తప్పెను. ఆమె వానిమీద ఫిర్యాదు చేయగా వాని ఉద్యోగము పోయెను. ఆ తరువాత ఆ బండ్లలో నల్లవారు కూర్చుండుట సాధారణమయ్యెను.

విడుదల పొందిన వారికి భూమి లేనిదే స్వేచ్ఛ నిలువదని ఆమె గ్రహించెను. పడమటి రాష్ట్రములలోని ప్రభుత్వ భూమిని వారికియ్యవలెనని 1870 నుండి అర్జీపై సంతకములు సేకరించుచు దేశము తిరిగెను. ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. 1872 లో బాటిల్ క్రీకులో ఓటు వేయబోగా వెనుకకు పంపివేసిరి. అమెరికా స్త్రీలకు దేశమంతట ఓటు హక్కు రాజ్యాంగమున చేరినది 1920 లో. 1883 నవంబరు 26వ తేదీన ఆమె బాటిల్ క్రీకులోనే కన్నుమూసెను. 2009 లో అమెరికా శాసనసభా భవనమున ఆమె కంచు ప్రతిమను నిలిపిరి. నల్లజాతి స్త్రీలలో ఆ గౌరవము మొదట పొందినది ఈమెయే. 1997 లో అంగారక గ్రహముపై తిరిగిన చిన్న యంత్రశకటమునకు సోజర్నర్ అని పేరు పెట్టిరి.

ఇక మనకు సంబంధించిన మాట. ఇసబెల్లా పుట్టిన హార్డెన్‌బర్గు వంశమునందే జేకబు హార్డెన్‌బర్గు అను బోధకుడుండెను. డచ్చి సంఘము తన బోధకులను తయారుచేసికొనుటకై 1766 లో పొందిన క్వీన్సు కళాశాలకు, అనగా నేటి రట్గర్సు విశ్వవిద్యాలయమునకు, మొదటి అధ్యక్షుడు ఆయనయే. ఆ సంఘమునకు చెందిన వైద్యుడు జాన్ స్కడ్డరు 1819 లో తూర్పు దేశములకు ఓడ నెక్కెను. ఆ సంవత్సరమున ఇసబెల్లా డూమాంటు పొలమున బానిసగా నుండెను. స్కడ్డరు కుమారులు 1853 లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. దాని ఫలములే మన మదనపల్లె పుంగనూరులలోని మిషను బడులును వైద్యశాలలును. 1947 లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ సంఘములు అందు కలిసెను. స్కడ్డరులు బానిసలను గలవారని మేము చెప్పుట లేదు. వారి సేవను మేము కృతజ్ఞతతో తలతుము; మేమును ఆ బడులలో చదివినవారమే. కాని ఒకే దేవాలయపు కప్పు క్రింద దయయు దాస్యమును కూడ నుండెనను సంగతిని దాచుట కృతజ్ఞత కాదు. రట్గర్సు వారు ఈ చరిత్రను తామే త్రవ్వి తీసి, 2017 లో తమ విద్యార్థి వసతి గృహమున కొకదానికి ఆమె పేరు పెట్టిరి.

ఇతరుల యిల్లు చూచిన పిదప మన యిల్లును చూచుకొనవలెను గదా. ఇసబెల్లా తన పేరు మార్చుకొన్న 1843 లోనే కంపెనీ ప్రభుత్వము మన దేశమున ఐదవ ఆక్టును చేసెను. ఒకడు ఒకనికి బానిస యను వాదమును కోర్టులు ఇక అంగీకరింపరాదని దాని తాత్పర్యము. కాని బానిసను ఉంచుకొనుటకు శిక్ష లేదు. 1860 నాటి శిక్షాస్మృతి బానిసల క్రయవిక్రయములను నేరముగా చేసెను. 1873 లో పూనాలో జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరీ' గ్రంథమును బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చెను. అచ్చటి దాస్యమునకును ఇచ్చటి కులదాస్యమునకును గల చుట్టఱికమును ఆయన అప్పుడే చూచెను. 1950 నాటి రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976 లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చెను.

ఈ చట్టము చెప్పునది మీరు ఇండ్లకు పోయి చెప్పదగినది. అప్పు క్రింద మనిషిని కట్టివేసిన యెడల ఆ మనిషి స్వతంత్రుడు. ఆ అప్పు రద్దు. దానిని తీర్పనక్కఱలేదు. తీర్చుమని పుచ్చుకొన్నవాడు శిక్షార్హుడు. అది వెట్టి యప్పు కాదని నిరూపించు భారము అప్పిచ్చిన వానిదే. జిల్లాలోను, ఉపవిభాగములోను దీనికై నిఘా సంఘములుండవలెను. పదునాలుగేండ్ల లోపు పిల్లలను పరుల పనిలో పెట్టుట వేరొక నేరము. ఆఱు మొదలు పదునాలుగు ఏండ్ల వఱకు ఉచిత విద్య 2009 నాటి చట్టము ప్రకారము హక్కు. ఇటుక బట్టీలలోను, రాతి గనులలోను, జీవాల వెంటను 'అడ్వాన్సు' అను మాట ఎచ్చట వినబడినను ఈ చట్టములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

మా తప్పొకటి చెప్పి ముగింతుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఏడవ తరగతిలో ఒక బాలుడు సంక్రాంతి సెలవుల తరువాత రాలేదు. మూడు వారములు హాజరుపట్టీలో వాని పేరున కెదురుగా రాలేదను గుర్తు పెట్టుచు పోతిమి. గుర్తు పెట్టుటతో మా పని తీరినదనుకొంటిమి. వాని ప్రక్కన కూర్చుండువాడు ఒకనాడు లేచి, 'అయ్యవారూ, వాడు జీవాల కాడ జీతానికుండాడు' అని చెప్పెను. మేము వాని యూరికి పోతిమి. తండ్రి ముఖము దించుకొని, బోరు వేయుటకు తెచ్చిన అప్పు, నీరు పడలేదు అనెను. చట్టము సంగతి చెప్పితిమి, ఆయన నమ్మలేదు. అర్జీ మేము వ్రాసితిమి; వ్రేలిముద్ర ఆయన వేసెను. అధికారులు విచారించిరి. వేసవి సెలవుల తరువాత బాలుడు బడికి వచ్చెను. తప్పిన పాఠములను వాడు త్వరలోనే పట్టుకొనెను.

ఆ దినము వాని యింటి గడపలో నిలిచి మాటలాడుచుండగా తల్లి ఒక మాట అనెను. వీని అన్నయు మీ బడిలోనే ఆఱవ తరగతి వఱకు చదివెనట. వానిని జీతానికి పెట్టినప్పుడు ఎవరును రాలేదట. పాత హాజరుపట్టీ తీసి చూచితిమి. అతని పేరు కలదు. కొన్ని వారములు రాలేదను గుర్తులు, పిదప పేరు కొట్టివేసిన గీత. ఆ గీత గీచినది మా చేయియే.

ట్రూత్ చరిత్ర చదివిన పిదప ఆ గీత మాకు మఱియు స్పష్టముగా కనబడుచున్నది. కింగ్‌స్టనులో తల్లి మాటను కాగితముపై పెట్టుటకు అక్షరము వచ్చినవాడొకడు దొరకెను. మన యూళ్లలో ఆ యక్షరము మీ వద్దను మా వద్దను కలదు. కాబట్టి విద్యార్థులారా, మీ ప్రక్క చోటు మూడు దినములు ఖాళీగా నుండిన యెడల నాలుగవ దినమున వచ్చి మాకు చెప్పుడు. మేము మఱచిన యెడల మరల చెప్పుడు.